బోణీకి ముందే ఎక్కిన సుక్క

ఎల్లం తన దుకాణంలో కూర్చున్నాడంటే మెదక్‌లో నమ్మేవాళ్లు లేరు. కూర్చోవడానికి స్టూలైతే ఉంది. కానీ ఆ స్టూలు మీద ఆయన కూర్చున్నదానికంటే లేచిందే ఎక్కువ. అదెట్లా కుదురుతుందని లెక్క అడగకండి, ఎల్లంను ఒక్కపూట చూస్తే మీకే కుదురుతుంది.

ఆ ఏడు బతుకమ్మ రోజుల్లో ఆయనకు నిమ్మళం మరీ కరువైంది. కారణం రోడ్డుకు అవతలే ఉంది. అక్కడ ఇంద్రకరణ్ కట్టించిన మూడంతస్తుల షాపింగ్ మాల్. ఇంకా ఫుట్‌పాత్ మీద ఆడవాళ్లు తంగేడు పువ్వు, గునుగు పువ్వు కుప్పలు పోసి అమ్ముతూనే ఉన్నారు. ఆ పూలమీదుగా నిచ్చెన వేసి మాల్ వాళ్లు బండిచక్రమంత ఎర్ర సుక్కను, అంటే క్రిస్మస్ నక్షత్రాన్ని, భవనం నెత్తిన కట్టారు. దాని కింద దూది గడ్డం పెట్టుకున్న క్రిస్మస్ తాతను నిలబెట్టారు. ఆ దూదిని పిచ్చుకలు పీక్కుపోయి గూళ్లు కట్టుకుంటే, దసరా నాటికి తాతకు మీసం మిగిలింది గానీ గడ్డం మిగల్లేదని బజారులో చెప్పుకున్నారు.

"దసరకు సుక్క ఏందే! జమ్మి చెట్టుకు కడ్తరా?" అన్నాడు ఎల్లం, లేచి.

"ఏడ కడ్తె నీకేంది? జనం ఫోటోలు దిగుతుండ్రు," అంది ఆయన భార్య భాగ్య, గాజుల పెట్టెల మీద దుమ్ము దులుపుతూ. "ఫోటో దిగినోడు ఊకె పోతడా? లోపలికి పోతడు, ఏదో ఒకటి కొంటడు. మన సుక్కల డబ్బ గూడ ఇప్పరాదు."

"వజ్రమ్మ బోణీ గాంది ఎట్ల ఇప్పుతనే?"

"వజ్రమ్మ వచ్చేనాటికి గా తాత పెండ్లి జేస్కొని పిల్లల్ని కంటడు."

ఇక్కడ వజ్రమ్మ సంగతి చెప్పాలి. చర్చి వెనక గల్లీలో ఉండే ముసలామె. నడుం కొంచెం వంగింది గానీ నోరు వంగలేదు. ఎల్లం ఫ్యాన్సీ స్టోరు చర్చి రోడ్డు మొదట్లో ఉంటుంది. గాజులు, రిబ్బన్లు, పిల్లలు ఊదుకునే బుగ్గలు అమ్ముతాడు. చలికాలం వస్తే కాగితపు సుక్కలు, లోపల బల్బు పెట్టి ఇంటి ముందు వేలాడదీసేవి అమ్ముతాడు. అయితే ఆ సుక్కల డబ్బాను ఆయన తన చేత్తో ముందు విప్పడు. కార్తీకం దాటి, క్రిస్మస్‌కు ముందొచ్చే ఆగమన ఆదివారం దగ్గర పడ్డప్పుడు వజ్రమ్మ వస్తుంది. డబ్బా విప్పించి, ప్రతి సుక్కనూ పెండ్లిపిల్లను చూసినట్టు తిప్పి తిప్పి చూసి, ఒకటి కొని, బోణీ చేస్తుంది. ఆమె ఇంటి ముందు సుక్క వెలిగాకే గల్లీ జనం కదులుతారు. గల్లీ కదిలాక ఊళ్లు కదులుతాయి.

ఆమె చెయ్యి అంత మంచిది. ఒకసారి ఎండాకాలంలో చీపురు బోణీ చేసిందట. ఆ వారం ఎల్లం దగ్గర ఎన్ని చీపుర్లు పోయాయంటే, మెదక్‌లో ఊడ్చడానికి దుమ్ము చాలక పక్క మండలం నుంచి తెప్పించుకున్నారట.

భాగ్యకు ఇదంతా తెలుసు. అయినా ఎల్లం కాళ్లు ఆగకపోవడానికి ఇంకో కారణం ఉంది. దసరా మర్నాడు ఇంద్రకరణ్ స్వయంగా రోడ్డు దాటి వచ్చాడు.

"ఏం ఎల్లం, నీ షెట్టర్ నాకు కిరాయికిస్తవా? మాల్‌కొచ్చేటోల్ల బండ్లకు జాగ సాల్తలేదు."

"గిదేంది పటేలా! బండ్లు ఈడ నిలవడితె నేనేడ నిలవడాలె?"

"నువ్వెప్పుడు నిలవడ్డవ్? తిరుగుతనే ఉంటవ్ గద," అని నవ్వాడు ఇంద్రకరణ్. "ఆలోచన చేస్కో. నీకు మిగిలింది గా క్రిస్మస్ సీజనొక్కటే. గది గూడ నా దిక్కే వస్తుంది."

"క్రిస్మస్ కానీ. అయినంక చెప్త."

చెప్పడమైతే చెప్పాడు గానీ, మాట నోట్లోంచి వెళ్లాక లెక్క వేసుకున్నాడు. చర్చి రోడ్డు జనం ఈసారి కూడా తన గడప తొక్కితే దుకాణం ఉంటుంది. తొక్కకపోతే, గాజులు వేలాడిన చోట హెల్మెట్లు వేలాడతాయి. ఆ జనాన్ని తెచ్చే చెయ్యి వజ్రమ్మది. వజ్రమ్మ వచ్చేదెప్పుడో వజ్రమ్మకే తెలుసు. ఈలోగా ఎదురుగా సుక్క, పగలూ రాత్రీ వెలుగుతూ, ఎల్లం కంట్లో నలుసులా కూర్చుంది.

దీపావళి వెళ్లిన మర్నాడు కార్తీకం వచ్చింది. ఎల్లం ఇక ఆగలేకపోయాడు. డబ్బా విప్పి ఒక సుక్క తీశాడు. మడత విప్పి, బల్బు పెట్టి, దుకాణం ముందు కట్టాడు. "అమ్మను, ఊకె కడ్త," అని భాగ్యతో అన్నాడు. అమ్మకపోతే బోణీ తప్పినట్టు కాదని తనకు తాను చెప్పుకున్నాడు.

అప్పుడే ఆగమ్మ వచ్చింది. రెండు బర్రెలున్న మనిషి, పొద్దున పాలుపోసి ఒత్తులు కొనడానికి ఆగింది. తలెత్తి సుక్కను చూసింది.

"గదేందిరా ఎల్లం, గంత సక్కగ ఎలుగుతుంది?"

క్రిస్మస్ సుక్క అనవచ్చు. అంటే, బోణీకి ముందే కట్టినట్టవుతుంది. ఎల్లం నాలుక దురద పెట్టింది. నాలుక దురద పెడితే ఎల్లం గోక్కోడు, మాట్లాడతాడు.

"ఆకాశదీపం, అక్కా."

"ఆకాశదీపమంటే గుళ్లె కంబానికి కడ్తరు గద? ఇత్తడిది?"

"గది పాతది. కైలాసం మీదికెల్లి సూస్తె గంత సిన్న దీపం శివయ్యకు ఆనుతలేదట. గందుకే కొత్తది తీసిండ్రు. కొనలు లెక్కవెట్టు, ఎన్నున్నయి?"

ఆగమ్మ వేలుతో లెక్కపెట్టింది. "ఐదు."

"నమశ్శివాయల ఎన్నక్షరాలు?"

ఆగమ్మ కళ్లు సుక్కకంటే ఎక్కువ వెలిగాయి. "ఓరి నీ అవ్వ! నాకొకటియ్యి."

అమ్మనన్న మాట ఎల్లం మరిచిపోలేదు. కానీ ఆగమ్మ చెయ్యి అప్పటికే సుక్కమీద ఉంది. ఆ చేతిలోంచి వస్తువు వెనక్కి తీసుకున్న మొనగాడు ఆ బజారులో పుట్టలేదు.

"దించుడెన్నడు?" అని అడిగింది ఆమె పోతూ పోతూ.

అప్పుడైనా ఎల్లం నోరు మూసుకోవాల్సింది. "దించుడా! ఒకపారి ఎక్కిచ్చినంక సంక్రాంతి దాంక దించొద్దు, ఆర్పొద్దు. నడుమల దించితే..." అని ఆగి, పెదవి విరిచి, ఆకాశం దిక్కు చూశాడు. దించితే ఏమవుతుందో చెప్పి ఉంటే జనం సగమే భయపడేవాళ్లు.

ఆ సాయంత్రానికి ఆగమ్మ పాలు పోసే ఇళ్లన్నింటికీ మాట చేరింది. తర్వాత కౌడిపల్లి వాళ్లు వచ్చారు, నిజాంపేట వాళ్లు వచ్చారు. కార్తీక స్నానాలకు ఏడుపాయల పోయే ఆడవాళ్లతో భాగ్య కూడా ఒక సంచినిండా సుక్కలు పట్టుకుపోయింది. మంజీరలో మునిగి లేచినవాళ్లు లేచినట్టే కొన్నారు. పున్నమినాడు ఖిల్లా మీద నుంచి చూసినవాళ్లు, ఆకాశం జారి మెదక్ మీద పడిందనీ, పైన చంద్రుడొక్కడే దిక్కులేనివాడిలా మిగిలాడనీ అన్నారు. ఎల్లం డబ్బాలన్నీ ఖాళీ.

హైదరాబాద్ బేగంబజార్‌లో హోల్‌సేల్ సేటుకు ఫోన్ చేశాడు. "లోడ్ రాబోతుంది భాయ్, వచ్చే వారం," అన్నాడు సేటు. వచ్చే వారం వచ్చింది గానీ లోడ్ రాలేదు. ఆ పై వారం కూడా సేటు అదే ముక్క, అదే రాగంలో అన్నాడు. ఎల్లం సంబరం పులియడం మొదలైంది. నిద్రలోనూ కాళ్లు ఆడించేసరికి, భాగ్య తన చాప వేరే గదిలోకి మార్చుకుంది.

కార్తీకం ముగిసి పోలి స్వర్గం కూడా దాటింది. శనివారం పొద్దున, ఎల్లం లేచి నిలబడి ఉన్న ఘడియలో, గడప ముందు కర్ర చప్పుడైంది.

"ఎల్లం, సుక్కలు తియ్యి," అంది వజ్రమ్మ.

"దా పెద్దమ్మా, కూసో. ఛాయ్ తాగుతవా? పాలు గట్టిగున్నయి."

"ఛాయ్‌కు రాలే. డబ్బ ఇప్పు."

ఎల్లం డబ్బా తెచ్చాడు, విప్పాడు, లోపలికి తొంగి చూశాడు. రాత్రికి రాత్రి ఏదైనా పిల్ల పెట్టి ఉంటుందేమోనని చెయ్యి పెట్టి మూలలు కూడా తడిమాడు.

"ఒడిసినయి పెద్దమ్మా."

"ఒడిసినయా? నేను రాకముందె?"

ఎల్లం రిబ్బన్ల దిక్కు చూశాడు. రిబ్బన్లు ఆదుకోలేదు.

"ఎవలు కొన్నరు?"

"శివభక్తులు."

 వజ్రమ్మ తిడుతుందనుకున్నాడు ఎల్లం. తిడితే బాగుండు. ఆమె మాత్రం కొంగుముడి విప్పబోయిన చేతిని ఆపి, ముడిని మళ్లీ గట్టిగా బిగించింది.

"ఎటు సూసినా సుక్కలే అనుకుంట వచ్చిన. ఈసారి ఊరంత యేసయ్యను నమ్ముకున్నదేమో అనుకున్న. రేపు ఆగమన ఆదివారం బిడ్డా. ఊరంత ఎలుగుంటది, నా గడప మీద చీకటుంటదా?"

"ఎందుకుంటది? ఉండది!"

"ఉంటె చెప్పు, లేకుంటె లేదని చెప్పు. రేపు పొద్దుగూకే యాళ్లకు నాకు సుక్క గావాలె. నీతోని కాకుంటె మా గల్లోల్లకు ఇంకో జాగ సూపిస్త. ఆల్లు నా మొకం జూసి ఆగిండ్రు."

"పొద్దుగూకక ముందె తెస్త," అన్నాడు ఎల్లం. ఎక్కడి నుంచి తెస్తాడో ఆ క్షణాన ఆయనకూ తెలియదు.

వజ్రమ్మ కర్ర చప్పుడు మలుపు తిరిగిందో లేదో, ఎల్లం రోడ్డు దాటాడు. మాల్‌లోకి పోవడం అదే మొదటిసారి. లోపల చల్లగా ఉంది. క్రిస్మస్ తాత జాడ లేదు, ముందరి అద్దం వెనక జరీ చీర కట్టిన పెండ్లిపిల్ల బొమ్మ నిలబడి ఉంది.

"సుక్కలున్నయామ్మా? క్రిస్మస్‌వి?"

కౌంటర్ దగ్గరి అమ్మాయి ఫోన్ లోంచి తల ఎత్తింది. "క్రిస్మస్ అయిపోయింది అంకుల్."

"ఇంకా రానే రాలే గదమ్మా!"

"బయట రాలేదేమో. మా దగ్గర అయిపోయింది. ఇప్పుడు పెండ్లిళ్లు నడుస్తున్నయ్. తర్వాత న్యూ ఇయర్, దాని ఎనక పతంగులు. క్రిస్మస్ సామాన్ వేరే బ్రాంచికి పోయింది."

"గా పెద్దది ఉంది గద మీద?"

"అదా? రేపు దించుతున్నం. కావాల్నంటె పట్కపోండ్రి, పైసలొద్దు."

ఎల్లం బయటికొచ్చి తలెత్తి చూశాడు. బతుకమ్మకు మిరపపండులా ఉన్న సుక్క, దీపావళికి గులాబీ అయి, ఇప్పుడు నూరుసార్లు ఉతికిన పంచె రంగుకు దిగింది. ఒక కొన చిరిగి గాలికి నాలుకలా ఆడుతోంది. ఆ నాలుక తనను వెక్కిరిస్తున్నట్టు తోచి, మెడ దించుకుని వెళ్లిపోయాడు.

అప్పుడు మొదలైంది తిరుగుడు. అమ్మినవాళ్ల ఇళ్లు తెలుసు. కార్తీకం అయిపోయింది, ఒకరు కాకపోతే ఒకరు ఇస్తారు, రెట్టింపు ఇస్తానంటే ఇద్దరిస్తారు అనుకున్నాడు. ముందుగా ఆగమ్మ ఇంటికి పోయాడు. ఆగమ్మ సుక్కను ఇంటి ముందు కాదు, బర్రెల కొట్టంలో కట్టింది.

"దించుమంటవా! మతుండి మాట్లాడుతున్నవా? సుక్క ఎలిగితెనే బర్రె పాలు సేపుతుంది."

"నేను గట్ల చెప్పలే అక్కా!"

"నువ్వు చెప్పలే. బర్రె దానంతట గదే సమజ్ జేస్కుంది."

బర్రె ఎల్లం దిక్కు తిరిగి, కొమ్ము ఊపింది. ఆయన వెనక్కి నడిచాడు.

రెండో ఇంట్లో, "సంక్రాంతి దాంక దించొద్దంటివి గదనే?" అన్నారు. మూడో ఇంట్లోనూ అదే. "గా మాట కౌడిపల్లోల్లకు చెప్పిన, మెదక్‌ల గట్ల లేదు," అని చూశాడు. నవ్వారు. "శాస్త్రం మారింది," అని చూశాడు. "శాస్త్రం మారిందో, నీ బేరం మారిందో," అని తలుపేశారు. ఒక ముసలాయన అయితే, దించితే ఏమవుతుందో ఇప్పుడైనా చెప్పమని చొక్కా గల్లా పట్టుకున్నాడు. చెప్పడానికి ఎల్లం దగ్గర ఏమీ లేదు. ఊరంతా తన సుక్కలే, ఒక్కటీ తనది కాదు. వెలుగుతున్న గల్లీల్లో చెప్పులు అరిగేదాకా తిరిగి, చీకటి ముఖంతో ఇంటికి చేరాడు.

"నీ నోరును గూడ గా మాల్ల పెట్టు, మస్తు అమ్ముతది," అంది భాగ్య. తర్వాత ఆయన వాలకం చూసి, ఇంత అన్నం పెట్టి, మెల్లగా అంది. "ఇంద్రకరణ్ పటేల్ ఇంటి మీద రెండున్నయి."

"ఎవలియి?"

"మనయే. పటేలమ్మ బూలక్ష్మమ్మకు ఏడుపాయల కాడ నేనే ఇచ్చిన. గేటుకొకటి, మ్యాడ మీదొకటి."

ఆదివారం మధ్యాహ్నం దాటాక, ఎల్లం ఇంద్రకరణ్ గేటు ముందు నిలబడ్డాడు. ఇంద్రకరణ్ వసారాలో ఉయ్యాల ఊగుతూ కనిపించాడు.

"దా ఎల్లం. షెట్టర్ సంగతి చెప్ప వచ్చినవా?"

"కాదు పటేలా. సుక్క సంగతి."

ఇంద్రకరణ్ ఉయ్యాల ఆపాడు. "సుక్కనా! జర సూడు నా బతుకు. మూడంతస్తుల మాల్ నాది, నా ఇంటి మీద సుక్క నీది. మన మాల్‌ల సుక్క కట్టవే అని మా ఇంటామెతోని అంటె, 'గది క్రిస్మస్ది, గిది శివయ్యది' అంటది. రెండు ఒకటే గదనే అంటె నన్ను దేవుడు లేనోనివంటది."

లోపల నుంచి ఆయన భార్య భూలక్ష్మి వచ్చింది. ఎల్లం గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పాడు. వజ్రమ్మ, బోణీ, ఆగమన ఆదివారం, పొద్దుగూకడం. చెబుతున్నంతసేపూ ఒక కన్ను పడమటి దిక్కే ఉంది. సూర్యుడు ఎవరో తరుముతున్నట్టు దిగుతున్నాడు.

"ముసలామె గడప చీకటుంచొద్దు," అంది భూలక్ష్మి. "కని దించొద్దంటివి గద ఎల్లం?"

"అన్న... అన్న గని పటేలమ్మా..."

"ఇంకేమన్నవ్?"

"ఆర్పొద్దన్న."

ఇంద్రకరణ్ ఉయ్యాల మీద పడి పడి నవ్వుతున్నాడు. భూలక్ష్మి మాత్రం నవ్వలేదు. గేటు దాకా నడిచి సుక్క దిక్కు తలెత్తింది.

"దించొద్దు, ఆర్పొద్దు. జరపొద్దనలే గద?"

"అనలే!"

"దీపం ఒకింట్లకెల్లి ఇంకో ఇంటికి తీస్కపోమా? ఆరకుంట సూస్కుంట తీస్కపోతం. గట్లనే పట్కపో. ఎలుగుడు ఆగొద్దు. ఇప్పుడున్న ఎత్తుకెల్లి కిందికి రావొద్దు. జిమ్మెదారి నీది."

ఆటో నర్సింహ ఆ వీధి మలుపులోనే ఉంటాడు. ఎల్లం పరుగెత్తుకుపోయి పట్టుకొచ్చాడు. నర్సింహ సంగతి విని, తల గోక్కుని, ఆటో బ్యాటరీకి వైరు కలిపి, చివర ఒక చిన్న బల్బు పెట్టి వెలిగించాడు. ఆ బల్బును ముందు సుక్కలోకి దూర్చారు. అప్పుడు ఇంటి బల్బును మెల్లగా బయటికి లాగారు. సుక్క వెలుతురు కొంచెం పలచబడింది గానీ ఆగలేదు. భూలక్ష్మి పిట్టగోడ మీద నిలబడి, సుక్కను పొడుగు వెదురుకర్ర కొసకు జాగ్రత్తగా కట్టింది.

అట్లా బయల్దేరారు. ముందు ఆటో, వెనక వైరు, వైరు వెనక కర్ర ఎత్తి పట్టిన ఎల్లం. వైరు పొట్టిది. నర్సింహ గట్టిగా నడిపితే వైరు ఊడుతుంది, మెల్లగా నడిపితే పొద్దు గూకుతుంది.

"జర జల్ది పోరా!"

"జల్ది పోతె నువ్వొస్తవా మామా? నీ కాల్లకు గేర్లు లేవు!"

రాందాస్ చౌరస్తా దగ్గర జనం అడ్డమొచ్చారు. నర్సింహ హారన్ కొట్టాడు. కొట్టగానే సుక్క మసకబారింది.

"హారన్ కొట్టకురా! దీపం పోతది!"

"కొట్టకుంటె ఎట్ల జరుగుతరు?"

"నేనే కొడ్త!" అని, ఎల్లం పీపీపీ అని నోటితో కొడుతూ నడిచాడు. అది విని బస్సొకటి నిజంగానే పక్కకు జరిగింది. మాల వేసుకున్న అయ్యప్ప స్వాములు ఎదురొచ్చి, ఇది ఎక్కడి దీపమో గానీ దీపం దీపమేనని శరణం చెప్పి వెనక నడిచారు. పెండ్లి బరాత్ కోసం కూర్చున్న బ్యాండువాళ్లు తమ బరాతే వచ్చిందనుకుని డోలు ఎత్తుకున్నారు. "ఎవరిది అన్నా ఊరేగింపు?" అని అడిగితే నర్సింహ ఒకరికి పెండ్లన్నాడు, ఒకరికి గెలిచిన వార్డు మెంబరన్నాడు, ఇంకొకరికి ఊరికి కొత్త కరెంటు స్తంభం తెస్తున్నామన్నాడు.

ఎల్లంకు ఇవేవీ చెవికెక్కలేదు. కరెంటు తీగలు వస్తే కర్ర వంచాలి, వంచితే సుక్క కిందికి దిగుతుంది. దిగకుండా మునివేళ్ల మీద లేచి నడిచాడు. గాలి వీస్తే తన ఒళ్లే అడ్డం పెట్టాడు. భుజాలు పీకుతున్నాయి.  పడమర ఎర్రబడి, ఎరుపు కూడా కరిగిపోతోంది. చర్చి రోడ్డు స్పీడ్ బ్రేకర్ దగ్గర సుక్క ఒక్కసారి ఆరి వెలిగిందని ఎల్లం కేక పెట్టాడు. ఆరలేదని, రెప్ప కొట్టింది ఎల్లమేనని నర్సింహ ఇప్పటికీ ఒట్టేస్తాడు.

వజ్రమ్మ తన గడప మీద నిలబడి ఉంది. గుమ్మానికి పైన కొక్కెం, దాని పక్కన వైరు, వైరుకు వెలుగుతున్న బల్బు. అన్నీ సిద్ధం చేసుకుంది. ఆమె బల్బు లోపలికి పోయాక నర్సింహ బల్బు బయటికొచ్చింది. కొక్కేనికి సుక్క ఎక్కింది. అప్పుడే చర్చి గంట కొట్టారు. గల్లీలో తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. వెంట వచ్చిన స్వాములు, డోలువాళ్లు, గల్లీ జనం అందరూ తలెత్తి నిలబడ్డారు.

వజ్రమ్మ చాలాసేపు చూసింది. తర్వాత కొంగుముడి విప్పింది. ఎల్లం చెయ్యి దానంతట అదే చాచుకుంది.

"గిది ఎవరి సుక్క?" అంది ఆమె.

"బూలక్ష్మమ్మ ఇంటిది. కని..."

"గట్లయితె బోణీ ఆమెకు పోతది. నర్సింహా, నువ్వు పోయేటప్పుడు ఇయ్యి," అని డబ్బు నర్సింహ చేతిలో పెట్టింది.

ఎల్లం చెయ్యి గాలిలో ఉండిపోయింది. "నేను మోస్కొస్తి గద పెద్దమ్మా!"

"మోసినందుకు ఛాయ్ పోస్త."

గల్లీ అంతా నవ్వింది. ఎల్లం నిలబడే ఛాయ్ తాగాడు. ఆ ఛాయ్ తీపిగానే ఉండి ఉంటుంది, ఆయనకు మాత్రం తెలియలేదు. గ్లాసు కింద పెట్టి, అడగలేక అడిగాడు.

"మరి నాతాన బోణీ?"

"నీతాన సుక్కలేడియి బోణీ చేయనీకి?"

"వస్తున్నయి. ఈ వారంల వస్తున్నయి!"

"రానియ్యి. వచ్చినా కట్టకు. డబ్బ గుడ ఇప్పకు, నేనొచ్చేదాంక. ఎదురుసూసుడు మాకు పండుగల సగం బిడ్డా. నువ్వు గా సగాన్ని కార్తీకంలనే అమ్ముకున్నవ్."

"నువ్వెన్నడొస్తవ్?"

"నా మోకాలు ఎన్నడు రానిస్తె గన్నడు."

"అవ్వ వచ్చినంకనే మేం వస్తం," అన్నాడు గల్లీలోంచి ఎవరో.

లోడ్ బుధవారం వచ్చింది. డబ్బాలు దుకాణంలో మనిషెత్తున పేర్చారు. కట్లు విప్పకుండానే ఎల్లం వాటి చుట్టూ ప్రదక్షిణలు చేశాడు.

"ఒక్కటి కడ్తె ఏమయితది?" అంది భాగ్య.

"ముట్టకు! దూరం జరుగు! నువ్వు సూస్తెనే ఇప్పుకునేటట్టున్నయి."

గురువారం గడిచింది. శుక్రవారం ఇంద్రకరణ్ రోడ్డు అవతల నిలబడి, బండ్లు నిలిపే జాగాను కళ్లతోనే కొలుచుకుని పోయాడు. సుక్కలు కావాలని వచ్చినవాళ్లను కూడా ఎల్లం పంపించేశాడు. డబ్బాలు కనబడుతున్నాయి గదా అంటే, వాటిలో సబ్బులున్నాయన్నాడు.

శనివారం పొద్దెక్కాక, రోడ్డు చివర వజ్రమ్మ కనిపించింది.

వస్తోంది. కానీ అదేం రాకడ! పూలమ్మే ఆమె దగ్గర ఆగి మోకాలి నొప్పి సంగతి చెప్పింది. కిరాణా ముందు ఆగి చింతపండు ధర అడిగింది, అడిగి కొనలేదు. మేకపిల్లను దారి ఇవ్వమని, అది ఇచ్చేదాకా నిలబడింది. ఎల్లం గడప మీద ఒక కాలు, రోడ్డు మీద ఒక కాలు వేసి చూస్తున్నాడు. పరుగెత్తుకుపోయి ఎత్తుకొచ్చేవాడే గానీ, బోణీ చేసే మనిషి తన కాళ్ల మీదే రావాలి.

మాల్ ముందు ఆమె ఆగింది. అద్దంలోని పెండ్లిపిల్ల బొమ్మను చూసింది. చూసి, లోపలికి వెళ్లింది.

"పాయె," అన్నాడు ఎల్లం. 

"పోలే. ఆగు," అంది భాగ్య. 

లోపల ఆమె ఎంతసేపుందో గానీ, ఎల్లంకు మాత్రం ఒక క్రిస్మస్ వెళ్లి ఇంకో క్రిస్మస్ వచ్చినంత అయింది. ఆఖరికి అద్దపు తలుపు తెరుచుకుంది. ఆమె చేతులు రెండూ ఖాళీ. కర్ర ఒక్కటే ఉంది. బండ్లను ఆపి, రోడ్డు దాటి, గడప ఎక్కి, నిలబడింది.

"ఏం పెద్దమ్మా, గా మాల్ల ఏం సూసినవ్?"

"ఏం సూస్త? మోకాలు గుంజింది. ఆడ కుర్చీలున్నయి, జరసేపు కూసున్న. నీ దుకాన్ల నిలవడే మనిషే గని, కూసునే జాగేది?" అంది వజ్రమ్మ. డబ్బాల దిక్కు చూసి, కట్లన్నీ చేత్తో తడిమి చూసింది. ఒక్కటీ సడల్లేదు.

"ఇప్పు."

కత్తెర కోసం ఎల్లం చెయ్యి చాచాడు. ఎప్పుడూ ఉండే మేకుకు కత్తెర లేదు. భాగ్య వెతకడానికి లోపలికి వెళ్లింది. ఆమె వచ్చేదాకా ఆయన ఆగలేదు. మొదటి డబ్బా మీద వంగి, తాడును పళ్లతో పట్టి పీకాడు.

"నిమ్మళం బిడ్డా, నిమ్మళం," అంటూ వజ్రమ్మ కొంగుముడి విప్పుకుంటోంది. "పన్నూడితె పండుగకు పిండివంటలెట్ల తింటవ్?"